కొత్తవాళ్ళ కోసం దాచిన తప్పు

సోమవారం

ఈ డైరీ పళ్ళ డాక్టరుగారు ఇచ్చింది. మా సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న సంతోషంలో ఆఫీసులో తలా ఒకటి పంచారు. ప్రతి పేజీ కింద ఒక పన్ను బొమ్మ, పళ్ళికిలించి నవ్వుతూ. పన్నుకి మళ్ళీ పళ్ళేమిటో. ఇన్నాళ్ళూ బీరువా మీద పడి ఉన్నదాన్ని ఈరోజు దుమ్ము దులిపి తీశాను. మనుషులతో మాట్లాడితే ఎవరో ఒకరి మీద అరుస్తానని భయంగా ఉంది.

రేపు ఎవరడిగినా తడబడకుండా చెప్పాలి కాబట్టి జరిగింది వరసగా రాసుకుంటున్నాను.

క్లినిక్‌కి వచ్చేవాళ్ళకి ముందురోజే ఫోనుకి ఒక మెసేజ్ వెళ్ళాలి. "రేపు ఇదే వేళకి మీ అపాయింట్‌మెంట్." మెసేజ్ పంపడానికి, ఎవరైనా వాడుకోమని బయటివాళ్ళు రాసిపెట్టిన ఒక ఫంక్షన్, అంటే కోడు ముక్క, ఉంది. ఎంత ముందుగా పంపాలో దానికి ఒక అంకె ఇవ్వాలి. ఆ అంకె గంటల్లో ఇవ్వాలని, దాన్ని ఎలా వాడాలో చెప్పే వాళ్ళ డాక్యుమెంటేషన్ పేజీలో నల్లటి అక్షరాలతో రాసి ఉంది. ఇరవైనాలుగు ఇచ్చాను. నిజానికి అది తీసుకునేది నిమిషాలు. దాంతో గురువారం ప్రతి ఒక్కరికీ వాళ్ళ వేళకి ఇరవైనాలుగు నిమిషాల ముందు "రేపు ఇదే వేళకి" అని మెసేజ్ వెళ్ళింది. దారిలో ఉన్నవాళ్ళు వెనక్కి తిరిగారు. అప్పటికే వచ్చి బయట బల్ల మీద కూర్చున్నవాళ్ళు కూడా ఫోను చూసుకుని లేచి వెళ్ళిపోయారట. డాక్టరుగారు రోజంతా ఖాళీ కుర్చీ ఎదురుగా చేతులకి గ్లవ్స్ వేసుకుని కూర్చున్నారు. శుక్రవారంనాడు గురువారం వాళ్ళొచ్చారు. ఫోను చూసుకునే అలవాటు లేని శుక్రవారం వాళ్ళూ వచ్చారు. పన్ను పీకించుకోవాల్సిన పెద్దమనిషికీ, పళ్ళకి క్లిప్పు వేయించుకోవాల్సిన అమ్మాయికీ ఒకే కుర్చీ దగ్గర మాటా మాటా పెరిగింది.

పరీక్షించలేదా అని అందరూ అడుగుతున్నారు. పరీక్షించాను! అప్పటికప్పుడే అపాయింట్‌మెంట్ ఉన్నట్టు రాసి, సున్నా పెట్టి చూశాను. మెసేజ్ వెంటనే వచ్చింది. సున్నా గంటలైనా సున్నా నిమిషాలైనా వెంటనే వస్తుందని అప్పుడు తట్టలేదు.

మా మేనేజరు కోప్పడడు. అదే బాధ. "పేజీలో తప్పుందని అందరూ అంటారమ్మా. నువ్వే సరిగ్గా చదవలేదేమో" అన్నాడు. "అంత తప్పయితే వాళ్ళ చేత దిద్దించు. వచ్చే సోమవారం మీటింగులో టీమ్ లీడ్ ఎవరో తేల్చాలి కదా. ఆలోగా పట్టుకురా. తప్పు వాళ్ళదేనని తేలితే డాక్టరుగారితో నేనే చెప్తాను."

టీమ్ లీడ్ నేనే అవుతానని మొన్నటిదాకా ఆఫీసు కుర్చీలక్కూడా తెలుసు. ఇప్పుడు ఇస్త్రీ చొక్కా పేరు వినిపిస్తోంది. ఇస్త్రీ చొక్కా అంటే నా పక్క సీటు. వర్షంలో తడిసినా మడత నలగదు. "నేనైతే ఒకటి పెట్టి చూసేవాణ్ణండీ" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

జలుబు చేసినట్టుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

మంగళవారం

ఆ డాక్యుమెంటేషన్ జీతం తీసుకుని ఎవరూ రాయరు. తీరికున్నవాళ్ళు రాస్తారు, ఇంకా తీరికున్నవాళ్ళు దిద్దుతారు. తప్పు కనిపిస్తే ఎవరైనా సవరణ పంపొచ్చు. దాన్ని ఒకరు చూసి ఒప్పుకుంటే పేజీలోకి ఎక్కుతుంది. అంతే కదా, పది నిమిషాల పని అనుకున్నాను.

పొద్దున్నే సమస్య వివరిస్తూ రాశాను. మర్యాదగానే రాశాను.

సమాధానం గుడ్లగూబ బొమ్మ పెట్టుకున్న ఒకాయన నుంచి వచ్చింది. ఆయనో ఆవిడో తెలియదు, ఆయననే అనుకుంటున్నాను. "స్వాగతం. ముందు నియమావళి చదవగలరు" అని ఉంది. చదివాను. డాక్యుమెంటేషన్ కంటే నియమావళే పెద్దది. అందులో ఒక సలహా ఉంది: పెద్ద సవరణకి ముందు చేయి తిరగడానికి ఏదైనా చిన్నది దిద్దండి. సరేనని వేరే పేజీలో వాక్యం చివర చుక్క లేకపోతే పెట్టాను. వెంటనే ఒప్పుకున్నారు. నా పేరు పక్కన ఒక మొలక బొమ్మ వచ్చింది.

మొలక చూసి సంతోషించానని ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

బాత్రూంలోంచి వస్తుంటే మామయ్యగారు ఎదురయ్యారు. "అమ్మాయ్, ఆ కుళాయి అంతసేపు తిప్పి వదిలేస్తున్నావు."

"జలుబండీ మామయ్యగారూ. ముఖం కడుక్కుంటున్నాను."

"ఇంతసేపా?"

నీళ్ళకి లెక్క చెప్పుకోవాల్సొచ్చింది. ఆయన బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పిల్లల చేత కుడి ఎడమ నడిపించిన మనిషి ఇప్పుడు గుమ్మంలో మా చెప్పుల చేత వరస కట్టిస్తున్నారు. నా చెప్పులు ఒక్కరోజైనా వంకరగా ఉండనివ్వరు. ఈ ఇంట్లో ఒక చెప్పు స్వేచ్ఛగా పడి ఉండే రోజు వస్తుందా అని నా అనుమానం.

బుధవారం

నాకు పిచ్చెక్కేలా ఉంది.

గంటలు తీసేసి నిమిషాలు అని పెట్టి సవరణ పంపాను. ఒక్క మాట! గుడ్లగూబ తిప్పి పంపాడు. ఈ తప్పు వాళ్ళకి ముందే తెలుసట. రెండేళ్ళుగా తెలుసట. దిద్దడం తేలిక కాబట్టి, తొలిసారి వచ్చేవాళ్ళు సరదాగా దిద్దుకుంటారని, దానిమీద "కొత్తవాళ్ళకి మాత్రమే" అని చీటీ అంటించి దాచారట! చుట్టాలొస్తే తీద్దామని పింగాణీ కప్పులు దాచుకున్నట్టు తప్పు దాచుకున్నారు. మధ్యలో ఎవరెవరో కొత్తవాళ్ళు "నేను చేస్తా" అని చెయ్యెత్తి, చెయ్యి దించకుండానే మాయమైపోయారు.

"నేనూ కొత్తే కదండీ" అని రాశాను.

"మీరు నిన్న ఒక చుక్క పెట్టారు. మీకు మొలక వచ్చింది. ఇకనుంచి మీరు పాతవారు" అన్నాడు.

ఆ చుక్క పెట్టమంది ఎవరు? మీ నియమావళే కదా? పెట్టిన చుక్క తీసేసి మళ్ళీ కొత్తదాన్ని అవుతానంటే, అది రెండో సవరణ కింద లెక్కకొస్తుందట.

ఇంకో ఉత్తరం రాశాను. మర్యాదగానే రాశాను.

గురువారం

ఒకరోజు నన్ను అక్కడ ఏమీ రాయనివ్వరట. చల్లబడడానికి సమయం ఇస్తున్నారట. నాకసలు కోపమే రాలేదు.

ఈ పేజీ చిరిగింది. నాసిరకం కాగితం.

గురువారమే, సాయంత్రం

నిన్న రాసింది మళ్ళీ చదివాను. "మీ గుడ్లగూబకి రాత్రి కూడా కళ్ళు కనపడవా" అన్న వాక్యం లేకపోయినా బాగానే ఉండేది. "తప్పుల్ని ఊరగాయ పెట్టుకోండి" అన్నది మాత్రం నాకిప్పటికీ నచ్చింది.

శుక్రవారం

ఇస్త్రీ చొక్కా ఈరోజు మేనేజరు గదిలో అరగంట ఉన్నాడు. బయటికొచ్చి నాకోసం టీ తెచ్చాడు. ఎప్పుడూ తేడు. జాలిపడి తెచ్చిన టీ ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. తాగాను కూడా.

భోజనాల దగ్గర మా ఆయనకి చెప్పాను. మొత్తం కాదు, గుడ్లగూబ సంగతి మాత్రం. కళ్ళజోళ్ళ కొట్టు నడిపే మనిషి, ఏ సమస్యనైనా ఈ అద్దం బావుందా, ఆ అద్దం బావుందా అని అడిగినట్టే తేలుస్తారు.

"వాళ్ళకి కొత్తవాళ్ళు కావాలంటే కొత్తవాళ్ళనే పెట్టు."

"మీరు చేస్తారా?"

"నేను పనికిరాను. కొట్లో బిల్లుల ప్రోగ్రామూ వాళ్ళ కోడుతోనే నడుస్తుంది. బిల్లులు రావట్లేదని పోయినేడాది అక్కడే ఏదో దిద్దాను. నాకూ మొలక ఉంది."

పెళ్ళయి ఇన్నేళ్ళయింది, ఈ మనిషికి మొలక ఉందని నాకు తెలియదు.

ఇంట్లో మొలక లేని మనిషి ఇంకొక్కరే. ఇద్దరం ఒకేసారి అటు తిరిగాం. మామయ్యగారు మజ్జిగ గ్లాసు దించి, "ఏమిట్రా, ఇద్దరూ అలా చూస్తున్నారు?" అన్నారు.

శనివారం

ఏ పరీక్షకీ నేనింత కష్టపడలేదు.

నా ఆలోచన చాలా సులువు. మామయ్యగారి పేరుతో ఖాతా తెరిచి, నేనే టైపు చేసి పంపేస్తాను, ఆయన ఫ్యాను కింద కూర్చుంటే చాలు. చెప్పగానే ఈల ఊదినంత పని చేశారు.

"నా పేరుతో నువ్వు రాయడమేమిటమ్మా? ఒకరి హాజరు ఇంకొకరు పలికితే నేను గ్రౌండు చుట్టూ పరిగెత్తించేవాణ్ణి."

"పేరుకే కదండీ మామయ్యగారూ."

"పేరుకే అయితే నీ పేరుకే పంపించు."

దారికొచ్చాను. ఖాతా ఆయనే తెరిచారు, ఒక్క వేలితో. పేరు "డ్రిల్లుమాస్టారు" అని పెట్టుకున్నారు. ఏం దిద్దాలో చెప్పాను. తలూపి, "అది నిమిషాలని నీకెలా తెలుసు?" అన్నారు.

"ఊరంతా ఒకరోజు ఆలస్యంగా పళ్ళు పీకించుకుందండీ! అలా తెలుసు."

"అది విన్నమాట. నేను సంతకం పెట్టాలంటే నేను చూడాలి."

ట్రంకు పెట్టెలోంచి స్టాప్‌వాచ్ తీశారు. మెళ్ళో ఈల వేసుకున్నారు, ఎందుకో నేనడగలేదు. ఇంకో రెండు నిమిషాల్లో అపాయింట్‌మెంట్ ఉన్నట్టు రాయించి, నా చేత ఒకటి పెట్టించారు. నేను మీట నొక్కగానే "స్టార్ట్!" అని అరిచి హాలు మధ్యలో అటెన్షన్‌లో నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. కూర్చుంటే ఊరుకోరని అనిపించింది. కొట్టుకి బయల్దేరుతున్న మా ఆయన కూడా, ఏమైందో తెలియకపోయినా, చిన్నప్పటి అలవాటు కొద్దీ గుమ్మంలో అటెన్షన్‌లో నిలబడిపోయారు.

ఫోను మోగింది. ఈల మోగింది. పక్కింటి కుక్క కూడా మొరిగింది.

"నిమిషం!" అన్నారు మామయ్యగారు. "మళ్ళీ."

వేళ జరిపి రెండు పెట్టాం. ఇంకా జరిపి మూడు పెట్టాం. మా ఆయన మూడో దానికి జారుకున్నారు. నేను సున్నా పెట్టి చూశానని చెబితే మామయ్యగారు నవ్వలేదు, తిట్టలేదు. "పరుగు పెట్టకుండా గడియారం చూశావన్నమాట" అన్నారంతే. మేనేజరు అన్నదానికంటే ఇది బాగా తగిలింది, కానీ ఎందుకో నొప్పి పుట్టలేదు.

సవరణ పంపేటప్పుడు, ఏం మార్చారు, ఎందుకు మార్చారు అని ఒక గడి ఉంటుంది. "నిమిషాలు అని దిద్దాను, అని రాస్తే చాలండీ" అన్నాను. "తెలుసులే. ఒకరు రాసుకుంటుంటే భుజం మీంచి చూడకూడదు" అని నన్ను బయటికి పంపించి తలుపు దగ్గరగా వేసుకున్నారు. ఒక్క వేలే అయినా, ఆ ఒక్క మాటకి అంతసేపు పట్టదు. అక్షరాలు వెతుక్కుంటున్నారు కాబోలు.

ఆదివారం

ఒప్పుకున్నారు! ఒప్పుకున్నారు!

పొద్దున్న గుడ్లగూబ రెండు ప్రశ్నలడిగితే మామయ్యగారు "అలాగేనండి, చిత్తం" అంటూ జవాబులిచ్చారట. గుడ్లగూబ "మీ ఓపికకి ధన్యవాదాలు" అన్నాడట. నన్నొక్కసారైనా అన్నాడా ఆ మాట? పోనీలే. పేజీ తెరిచి చూశాను. "నిమిషాల్లో ఇవ్వాలి." నల్లటి అక్షరాలతో. తెరని ముద్దు పెట్టుకుని తర్వాత తుడిచాను.

మామయ్యగారికి మొలక వచ్చింది. "ఇదేమిటి, మెంతికూరా?" అన్నారు.

అక్కడ కింద ఏదో చర్చ నడుస్తున్నట్టుంది. చదవలేదు. గుడ్లగూబ మాటలు చదివే ఓపిక నాకిక లేదు. రేపు పేజీ చూపించడమే.

ఈరోజు పన్ను బొమ్మ కూడా అందంగా ఉంది.

సోమవారం

ఎంత రాత్రయినా ఈరోజే రాయాలి.

మీటింగు గదిలో అందరూ ఉన్నారు. పళ్ళ డాక్టరుగారు ఫోనులో, స్పీకరు మీద ఉన్నారు. మేనేజరు గోడ మీద తెరకి పేజీ తెరిచాడు. నేను గర్వంగా వేలు పెట్టి చూపించాను.

మేనేజరు చదివాడు. మళ్ళీ చదివాడు. నావైపు తిరిగి మెల్లగా అన్నాడు: "నిమిషాలు అని ఇంత స్పష్టంగా ఉంటే గంటలు అని ఎలా అనుకున్నావమ్మా?"

నేనూ ఇంకోసారి చదివాను.

అవును కదా. దిద్దేశారు కదా! ఇక తప్పెక్కడుంది? తప్పు ఉన్నప్పుడు ఒక్క ఫోటో అయినా తీసుకోవాలని ఈ బుర్రకి తట్టలేదు. నాకున్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని వారమంతా తిప్పలు పడి, ఇంటిల్లిపాదినీ అటెన్షన్‌లో నిలబెట్టి, నేనే చెరిపించేశాను.

"అవును, లావు అక్షరాలు కూడా" అన్నాడు ఇస్త్రీ చొక్కా.

"నిన్నటిదాకా గంటలనే ఉందండీ! నిన్ననే దిద్దారు. మార్పులన్నీ అక్కడ కింద ఉంటాయి, చూడండి" అన్నాను. నా గొంతు నాకే కీచుగా వినిపించింది.

మేనేజరు నొక్కాడు. పాత మాట ఎర్రగా, కొత్త మాట పచ్చగా పక్కపక్కనే కనిపించాయి. దిద్దినవారు: డ్రిల్లుమాస్టారు. ఎందుకు మార్చారు అన్న గడిలో ఒక మాట కాదు, పెద్ద పేరా ఉంది. మేనేజరుకి ఏది కనపడినా పైకి చదివే అలవాటు.

"అయ్యా, నమస్కారం. ఇక్కడ గంటలు అని ఉంది. నేను స్టాప్‌వాచ్ పట్టుకుని చూశాను, నిమిషాలు. మా కోడలు మీ మాట నమ్మి పనిచేసి ఆఫీసులో మాటపడింది. ఇంట్లో చెప్పదు. కుళాయి తిప్పుకుని ఏడుస్తుంది. నీళ్ళ చప్పుడులో మాకు వినపడదనుకుంటుంది. నాకు చెవుడు లేదు. మీరు మాట దిద్దితే చాలదు. తప్పు మీదేనని ఒక్క ముక్క రాస్తే ఆ పిల్ల తలెత్తుకుని ఆఫీసుకి వెళ్తుంది. మొన్న మీకు కోపంగా రాసింది కూడా తనే. మనిషి మంచిది. పొద్దున్నపూట మాత్రం పలకరించకూడదు."

బల్ల కింద దూరాలనిపించింది. మేనేజరు ఆగకుండా కిందికి జరిపాడు. మొదటి జవాబు గుడ్లగూబది.

"ఈ తప్పు మాకు రెండేళ్ళుగా తెలుసు. తేలికని దాచి ఉంచాం. నమ్మి వాడుకునేవాళ్ళు ఉంటారని మర్చిపోయాం. తప్పు మాదే."

దాని కింద ఇంకొకరు, "తప్పు మాదే." ఇంకొకరు, "నేనూ చూసి వదిలేశాను, తప్పు నాదే." నేనెప్పుడూ చూడని, ఏ ఊళ్ళో ఉంటారో తెలియని మనుషులు. పిల్లి బొమ్మలు, సైకిలు బొమ్మలు, బొమ్మే లేని ఖాళీ గుండ్రాలు. తప్పు మాదే, తప్పు మాదే అని తెర కిందిదాకా ఉంది. మేనేజరు ఒక్కటీ వదలకుండా పైకి చదివాడు. ఆ గదిలో కుళాయి లేదు. అందరి ముందూ ఏడ్చాను.

స్పీకరులోంచి డాక్టరుగారు అన్నారు: "ఎవరమ్మా ఏడుస్తున్నది, కుళాయి అమ్మాయేనా? ఊరుకో తల్లీ. ఆ స్టాప్‌వాచ్ ఆయన్ని ఒకసారి మా క్లినిక్‌కి పంపించు. బయట జనాన్ని వరసలో పెట్టేవాళ్ళు లేక చస్తున్నాం."

టీమ్ లీడ్ నేనే. ఇస్త్రీ చొక్కా చేయి కలిపాడు. అరచేతికి కూడా ఇస్త్రీ చేసినట్టే ఉంది.

ఇంటికొచ్చేసరికి మామయ్యగారు గుమ్మంలో వంగి చెప్పులు సర్దుతున్నారు. దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకుంటూ వచ్చాను. నా చెప్పులు విప్పి, ఆయన చెప్పుల పక్కన, మడమలు కలిపి తిన్నగా పెట్టాను. ఆయన చూశారు.

భోజనాల దగ్గర అడిగారు. "అమ్మాయ్, ఈరోజు కుళాయి చప్పుడు లేదేం?"

"జలుబు తగ్గిందండీ మామయ్యగారూ."

"మంచిది" అన్నారు.

మరో శుక్రవారం, చాలా రోజుల తర్వాత

డైరీ వైపు చూడనే లేదు. పని ఎక్కువైంది.

అదే డాక్యుమెంటేషన్‌లో ఇంకో పేజీలో తప్పు కనిపించి నిన్న సవరణ పంపాను. ఈసారి ముందు ఫోటో తీసుకున్నాను. పొద్దున్న చూస్తే తిప్పి పంపారు. చూసింది గుడ్లగూబ కాదు. ఓపిక ఎక్కువని కొత్తగా ఒకాయనకి సవరణలు చూసే బాధ్యత అప్పగించారట. ఆయన పేరు పక్కన మొలక లేదు, చెట్టుంది.

"నమస్కారం. మీరు సున్నాతో మాత్రమే పరీక్షించారు. ఒకటితోనూ రెండుతోనూ కూడా చేసి, ఏం వచ్చిందో రాసి మళ్ళీ పంపగలరు. ఇట్లు, డ్రిల్లుమాస్టారు."

పక్క గదిలోనే కదా కూర్చుంటారు! నోటితో చెప్పొచ్చు కదా! తలుపు దాకా వెళ్ళాను కూడా. లోపల ఒక్క వేలితో టక్కు టక్కుమని ఎవరికో జవాబు రాస్తున్నారు. వెనక్కి వచ్చి, ఒకటి పెట్టి చూశాను. రెండు పెట్టి చూశాను. నేను రాసిందే తప్పు.

ఆయనకి సమాధానం పంపాను. మర్యాదగానే రాశాను. ఈసారి నిజంగానే.